అనంతగిరి ఎక్కని కారు, నా బొటనవేలు

నైజాం పాలన పోయి కొన్నేళ్ళయిన ఆ రోజుల్లో, ఇంజను ఆయుష్షు చెప్పగల బొటనవేలు వికారాబాద్ మొత్తానికి ఒక్కటే ఉండేది. అది నా కుడిచేతికి ఉండేది. డాక్టర్లు నాడి పట్టి చూస్తే, నేను ఇంజను నోరు మూసి చూసేవాణ్ణి.

మా బావది తాండూరు. బండల గనిలో పనిచేసి నడుం పాడుచేసుకున్నాడు. ఇక గని మొహం చూడనని ఒట్టేసుకుని, పాత కారొకటి సంపాదించి వికారాబాద్ స్టేషను ముందు పెట్టాడు. రైలు దిగినవాళ్ళను అనంతగిరి గుట్టమీది దవాఖానకు చేర్చడం ఆయన పని. ఆ ఎండాకాలం కారు గుట్ట ఎక్కడం మానేసింది. మొదటి మలుపులోనే ఆయాసపడి నిలబడేది. రోగులే దిగి తోసేవారు. తోసీ తోసీ, పైకి చేరేసరికి ఆరోగ్యవంతులై అటునుంచి అటే ఇంటికి పోయేవారు.

పాత ఇనుము కొనే సాహెబు తాండూరు నుంచి దిగాడు. ఇంజను పోయిందని తేలితే కారు ఆయన తూకానికి, బావ మళ్ళీ గనికి. అక్క నన్ను పిలిపించింది.

"తమ్మీ, మీ బావ నడుం జూస్తివి గదా. మల్ల గనికి వోతె మంచంల పడుతడు. జర మంచిగ జూడు."

"ఫికర్ జెయ్యకు అక్కా. నా ఏలు అబద్దం జెప్పదు," అన్నాను.

నాలుగు ప్లగ్గులూ ఊడదీసి, మొదటి రంధ్రం మీద బొటనవేలు అదిమిపెట్టాను. బావ ముందు నిలబడి హ్యాండిల్ తిప్పాడు. లోపల పిస్టన్ పైకొస్తూ గాలిని నొక్కుతుంది. ఆ గాలి వేలిని ఎగదన్నితే సిలిండరు గట్టిది, వేలికిందే నీరసంగా చల్లారితే ముసలిది. ఆ మొదటిది నా వేలినే కాదు, మోచేతినీ, భుజాన్నీ, నెత్తిమీది రుమాలునూ లేపింది. ఆ 'టప్' చప్పుడుకు ధారూర్ స్టేషనులో ఆగి ఉన్న రైలు కదిలిందని ఇప్పటికీ నా నమ్మకం. మిగతా మూడూ దానికేమీ తీసిపోలేదు.

"నీ బండి పహిల్వాన్ లెక్కున్నది బావా!"

సాహెబు నవ్వాడు. "పహిల్వానైతే గుట్టెందుకు ఎక్కుతలేడు మియా?"

నా వేలు చెప్పిందీ నిజమే, గుట్ట చెప్పిందీ నిజమే. ఆలోచిద్దామని కారెక్కబోయాను. "చెప్పులిడువు బామ్మర్ది," అన్నాడు బావ. ఆయన కార్లో అదొక నియమం. విడిచి కాలు పెడితే, అంత ఎండలోనూ అరికాలు జిల్లుమంది. వంగి చూశాను. నున్నటి నీలి బండలు! ముందు సీటు నుంచి వెనక దాకా, సందుల్లో సున్నం మెత్తి మరీ, ఇల్లు పరిచినట్టు పరిచి ఉన్నాయి. డిక్కీ తెరిస్తే అక్కడ ఏకంగా అరుగే కట్టి ఉంది.

"గిదేంది బావా?"

"కింది చెక్క పుచ్చిపాయె. తాండూరోన్ని, బండ గాక ఇంకేం పరుస్త? సల్లగున్నదని సవారీలు మస్తు మెచ్చుకున్నరు."

"ఎప్పుడు పరిచినవ్?"

"ఉగాది అయినంక."

"గుట్టెక్కుడు ఎప్పుడు బందైంది?"

బావ వేళ్ళమీద నెలలు లెక్కపెట్టుకుంటూ వచ్చి ఉగాది దగ్గరే ఆగాడు. అక్క అందుకుంది: "గనిల పని ఇడిసిపెట్టి, గనినే కార్ల ఏసుకొని తిరుగుతున్నవా?"

గడ్డపారతో ఒక్కో బండా పెళ్ళగిస్తుంటే, మోకాళ్ళమీద ఉన్న ఒంటె లేచినట్టు కారు పైకి లేచింది. చెక్కలు కొట్టించి, సాహెబును కూడా ఎక్కించుకుని అనంతగిరి బయల్దేరాం. బావ ఆ మలుపులు ఎంత జోరుగా తిప్పాడంటే, కోతులు పిల్లల్ని పట్టుకుని చెట్లెక్కాయి. పైన దిగాక సాహెబు నా బొటనవేలిని కళ్ళకద్దుకున్నాడు.

బావ మళ్ళీ గనికి పోలేదు. పెళ్ళగించిన బండలు అక్క వంటింట్లో పరిచాడు. ఆయన చేసిన ఆఖరి బండపని అదే. ఆ తరువాత జనం చెప్పులతోనే కారెక్కారు. ఆ ఒక్కటి మాత్రం ఆయనకు ఇప్పటికీ మింగుడుపడదు.