బీరువాలో బ్యాట్లు

భవాని కొట్టిన దెబ్బకు షటిల్ కాక్ నెట్టుకు ఇవతలే పడింది. బ్యాట్ తల మాత్రం నెట్టు దాటి వెళ్లి సుభాషిణి కాళ్ల దగ్గర పడింది. పిల్ల చేతిలో పిడి, దానికో సన్నటి కడ్డీ మిగిలాయి.

"నేనేం చెయ్యలే మేడం. ఊకెనే ఊడొచ్చింది," అంది భవాని ఏడుపు మొహంతో.

సుభాషిణి వంగి ఆ తలను చేతిలోకి తీసుకుంది. ఆ నెలలో అలా ఊడింది అదొక్కటే కాదు. నర్సంపేట దారిలో ఉన్న ఆ సర్కారు బడికి షటిల్ బ్యాట్లు ఎవరో పాత విద్యార్థి పంపించాడు. ఎర్రగా నిగనిగలాడే బ్యాట్లు, జతకో జిప్పు సంచి. స్టేజీ వేసి పంచారు, ఫోటోలు దిగారు. కడ్డీని తలకు జిగురుతో అతికించిన రకం అవి. కొన్నాళ్లు గట్టిగా ఊపితే ఆ అతుకు కిర్రుమంటుంది, ఆ తర్వాత ఊడుతుంది.

హెడ్మాస్టరు వెంకట్రాజం విరిగిన ముక్కలు చూసి తల అడ్డంగా ఊపాడు. "మన పిల్లలకు సామాను విలువ తెల్వది మేడం. ఏదీ నిలువనియ్యరు."

"ఆడితే ఇరిగేటియి ఆట సామాన్లెట్లయితయి సార్?" అంది సుభాషిణి.

ఆయన ఫైలు వైపు తిరిగాడు.

సుభాషిణికి నలభై దాటాయి. ములుగు అవతలి పల్లెలో పుట్టి, ఖోఖోలో జిల్లా జట్టు దాకా ఆడి, ఆ పరుగుతోనే వ్యాయామ టీచరు అయింది. హనుమకొండ హాస్టల్లో ఉన్నప్పుడు షటిల్ ఆడే అమ్మాయిలకు సొంత బ్యాట్లుండేవి. లేనివాళ్లు పక్కన నిలబడి కాక్ ఏరివ్వాలి. ఆమె చాలాకాలం ఏరింది. ఒకసారి ఎవరో తమ బ్యాట్ చేతికిస్తే, వెనక నుంచి "పైలం, ఇరగ్గొడ్తవు" అన్న మాట వినపడింది. ఇక ఆమె చెయ్యి పూర్తిగా లేవలేదు. కాక్‌ను భయంభయంగా తట్టి బ్యాట్ తిరిగి ఇచ్చేసింది. తన పిల్లలు మాత్రం చెయ్యి నిండా ఎత్తి కొట్టాలని ఆమె పట్టుదల.

ఆటల నిధులు వచ్చినప్పుడు వెంకట్రాజం, "అగ్గువల దొరికేటియి ఎక్కువ తెండ్రి. అందరికీ వస్తయి," అన్నాడు.

"ఎక్కువ తెస్తే ఎక్కువ ఇరుగుతయి సార్. కొన్నే తెస్త, నిలిచేటియి తెస్త."

దీని మీద వారమంతా వాదన నడిచింది. చివరికి విసిగిపోయి, "మీ ఇష్టం," అన్నాడాయన.

ఆదివారం ఆమె హనుమకొండ చౌరస్తా దగ్గర ఆట సామాన్ల షాపుకు వెళ్లింది. షాపాయన శ్యాంసుందర్ నల్లటి బ్యాట్ ఒకటి తీసి వేలి మీద నిలబెట్టి చూపించాడు. "కార్బన్ మేడం. పువ్వు లెక్కుంటది. పెద్ద పెద్ద ప్లేయర్లు వాడేది గిదే."

"నా పిల్లలు పెద్ద ప్లేయర్లు కారు. ఇద్దరు ఒకే కాక్‌కు ఉరికి బ్యాట్‌కు బ్యాట్ కొట్టుకుంటరు. నేల మీద పడేస్తరు. ఇది పగుల్తదా, పగలదా?"

"గట్ల కొడితే ఏదైనా పగుల్తది."

"పగలకుండ వంగేది కావాలె నాకు."

ఆయన విసుగ్గా లోపలికి వెళ్లి ఇంకొన్ని తెచ్చాడు. ఒక్కొక్కదాని తల ఒక చేత్తో, పిడి ఇంకో చేత్తో పట్టుకుని ఆమె మెల్లగా మెలితిప్పింది. కిర్రుమన్నదల్లా పక్కన పెట్టింది.

"ఏంది మేడం, బట్టలు పిండినట్టు పిండుతాండ్రు? కొనకముందే ఇరగ్గొడ్తరా?"

"ఇప్పుడు ఇరిగితే మీ దగ్గరనే ఇరుగుతది. బడిల ఇరిగితే పిల్లల మీద వడ్తది."

పక్కనున్న గిరాకీలు నవ్వారు. ఆమెకు నవ్వు రాలేదు. పొద్దున్నుంచి ఇది నాలుగో షాపు. అన్నిచోట్లా రంగు గురించి, తేలిక గురించి, పేరు గురించి చెప్పేవాళ్లే. చివరికి అడుగు అరలో దుమ్ము పట్టినవి దొరికాయి. అల్యూమినియం తల, ఉక్కు కడ్డీ, అతుకు బయటికి కనపడదు. కాస్త బరువే. తీగ దూరే రంధ్రాలన్నిటికీ ప్లాస్టిక్ గొట్టాలు సరిగ్గా ఉన్నాయో లేదో వేలితో తడిమింది. తీగల అల్లిక, అదే గట్టింగ్, కొంచెం లావు రకంతో, మరీ బిగువు లేకుండా వేయించింది. వాటితోపాటు నైలాన్ కాక్ డబ్బాలు పట్టుకుని, భుజాలు లాగుతుంటే బస్సెక్కింది.

సోమవారం వెంకట్రాజం ఒక బ్యాట్ చేతిలో పట్టుకుని తిప్పి చూశాడు. మొహం వెలిగింది. "మంచిగున్నయి మేడం. మస్తు గట్టిగున్నయి." అన్నీ తీసుకెళ్లి ఆఫీసు గది బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"సార్, మధ్యాహ్నం గేమ్స్ పీరియడ్ ఉన్నది."

"పాతయి ఉన్నయి కద. అవి పూర్తిగ పోనియ్యుండ్రి. పై ఆఫీసరొచ్చి అడిగితే ఏం చూపిస్త నేను?"

వానలు తగ్గాయి. పిల్లలు గుడ్డపీలికలు చుట్టిన పాత బ్యాట్లతో, అవీ అందక అట్టలతో ఆడారు. సుభాషిణి అడిగింది, మళ్లీ అడిగింది, కాగితం మీద రాసిచ్చింది. హెడ్మాస్టరు తాళంచెవి ఒకరోజు ఇంట్లో మరిచిపోయాడు, ఒకరోజు అటెండరు సెలవు. ఊడే బ్యాట్లున్నప్పుడే నయం, కనీసం ఊడేదాకా ఆడారు కదా అనిపించింది ఆమెకు. ఇంటికెళ్లి అన్నం కలిపి ముద్ద ఎత్తకుండా కూర్చున్న రోజులున్నాయి.

ఆఫీసరు రానే వచ్చాడు. బీరువా తెరుచుకుంది. మెరిసే బ్యాట్లు బల్ల మీద బారుగా పెట్టారు. ఆయన ముచ్చటపడి, "ఏదీ, ఒకరు ఆడి చూపించండి," అన్నాడు.

భవాని వెళ్లింది. బరువు అలవాటులేని చెయ్యి ఆలస్యంగా లేచింది. కాక్ కింద పడింది. మళ్లీ ఎగరేసింది, మళ్లీ పడింది. పిల్లలు కిసుక్కుమన్నారు. ఆఫీసరు హెడ్మాస్టరు వైపు చూశాడు. హెడ్మాస్టరు సుభాషిణి వైపు చూశాడు.

"ప్రాక్టీసు చేయించడం లేదా అమ్మా?" అని అడిగాడు ఆఫీసరు.

సుభాషిణి ఒక అడుగు ముందుకేసింది. "బ్యాట్లు బీరువల ఉన్నయి సార్. గీ పిల్ల వాటిని పట్టుకోవుడు ఇయ్యాలనే."

ఆఫీసరు నోట్సులో ఏదో రాసుకుని వంట గది చూడటానికి వెళ్లాడు. జీపు వెళ్లిపోయాక వెంకట్రాజం, "నా ఇజ్జత్ తీసిండ్రు మేడం," అన్నాడు. బ్యాట్లు లోపల పెట్టమన్నాడు. సుభాషిణి వాటిని గోనెసంచిలో వేసుకుని గ్రౌండుకు పోయింది. ఆయన వెనక నుంచి పిలిచాడు. ఆమె ఆగలేదు.

అప్పట్నుంచి బ్యాట్లు బయటే ఉన్నాయి. ఆయన ఆమెతో అవసరానికి మించి మాట్లాడడు. మొదటివారంలోనే ఒకదాని తీగ తెగితే, "చెప్పలేదా?" అన్నట్టు చూశాడు. ఆమె దాన్ని హనుమకొండ మోసుకెళ్లి మళ్లీ గట్టింగ్ వేయించింది. తర్వాత ఇద్దరు పిల్లలు ఒకే కాక్‌కు ఉరికి బ్యాట్లు కొట్టుకున్నారు. ఒకదాని తల వంగింది, పగల్లేదు. సుభాషిణి మోకాలికి ఆనించి వంచి చూసింది. పాత గుండ్రం రాలేదు. కోడిగుడ్డులా మిగిలింది. దాన్నెవరూ తీసుకోరు. అది ఎవరి వంతుకు రావాలని రోజూ పీరియడ్ మొదట్లో కొట్లాట.

ఆ కొట్లాటతో విసిగి ఆమె దాన్ని తనే తీసుకుంది. దాంతో కొడితే కాక్ అనుకున్న చోటికి పోదు. అవతల నుంచి భవాని, "మేడం, సక్కగ కొట్టుండ్రి," అంటుంది. సుభాషిణి పళ్లు నూరుకుని, చెయ్యి పూర్తిగా ఎత్తి, మళ్లీ కొడుతుంది.