రెండో నీళ్ళ సీసా

గల్ఫ్‌లో, మెసయీద్ ఫ్యాక్టరీల వైపు వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చున్నాయనది కరీంనగర్ వైపు. హవల్దారుగా అడవుల్లో కూంబింగ్ చేసి, రిటైరై, ఇక్కడ ఫ్యాక్టరీ గేటు కాస్తున్నాడు.

"అర్జెంటుగ బయల్దేరమన్నరంటే రెండో నీళ్ళ సీసా తీసి పడేసి, ఆ జాగల తూటాలు పెట్టుకుంటుంటి సార్. నా కింద పనిచేసే పోరగాళ్ళకు గదే నేర్పిన," అని నవ్వాడు. "నీళ్ళు ఎవడన్న ఇస్తడు. తూటాలు ఎవడిస్తడు?"

నాకు ఒళ్ళు మండింది.

"మా తమ్ముడికీ మీలాంటి హవల్దారే నేర్పాడు. కూంబింగ్‌లో వడదెబ్బకి పోయాడు. ఒక్క తూటా కూడా పేల్చలేదు," అన్నాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. తన సీసా మూత తీసి నా వైపు చాపాడు. నేను తల తిప్పుకున్నాను. దిగేదాకా ఆయన దాన్ని అలాగే పట్టుకుని కూర్చున్నాడు. తానూ తాగలేదు.

ఆయన మీద కోపం ఇప్పటికీ తగ్గలేదు. ఎంత దగ్గరికి వెళ్ళినా సంచిలో రెండు సీసాలు పెట్టుకుంటున్నాను.