పత్తి చూసినట్టు కాలేజీ చూసినాడు

ఉరుకుంద ఈరన్న సాక్షిగా చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. నన్ను ఎరిగినవాళ్లు ఇక్కడే నవ్వుతారు. నవ్వుకోనీయండి.

మాది ఎమ్మిగనూరు శివారులో చిన్న డిగ్రీ కాలేజీ. నేను కామర్స్ చెబుతాను. పల్లెల నుంచి వచ్చే ఆడపిల్లలకు హాస్టల్ లేదు. బస్సు దొరికిన రోజు చదువు, దొరకని రోజు చేని పని. అట్లా కొన్నాళ్లు జరిగితే చదువు మానిపిస్తారు. మా ప్రిన్సిపాలుకు ఆ హాస్టల్ మీదే ప్రాణం.

ఆదోనిలో పత్తి మిల్లు నడిపే ఒక పెద్దాయన ఉన్నాడు. ఎముక లేని చెయ్యి అని పేరు. ఆయన దగ్గరికి ఇద్దరం పోయినాం. ప్రిన్సిపాలు కాలేజీ ఫోటోలు ఒక్కొక్కటే తిప్పి చూపించినాడు. పెద్దాయన మాకు మజ్జిగ ఇప్పించి, కళ్లు సగం మూసుకొని విన్నాడు. అంతలో పత్తి ట్రాక్టరు వచ్చి ఆగింది. ఆయన లేచి పోయినాడు. పైన తెల్లగా మెరిసేదాన్ని చూడనే లేదు. మోచేతి దాకా లోపలికి దూర్చి, గుప్పెడు పీకి, వేళ్ల మధ్య సాగదీసినాడు.

"పైనంతా ఎండ, లోపలంతా తడి. యాడ నేర్సినావప్పా ఈ ఇద్దె?"

"మీకు అమ్మీ అమ్మీ వచ్చిందిలే అన్నా" అన్నాడు రైతు, ఏమాత్రం సిగ్గుపడకుండా.

పెద్దాయన నవ్వి, చేతులు దులుపుకుంటూ మా వైపు తిరిగినాడు. "సోమవారం ఉరుకుందకు పోతాండా. ఆడ అన్నదానం పెట్టిస్తాండా. అట్లే మీ కాలేజీ సుట్టుకొని పోతా."

ఆ సంతోషంలో మా ప్రిన్సిపాలు అది శ్రావణమాసమనే మరిచిపోయినాడు. శ్రావణ సోమవారమంటే ఉరుకుంద తిరణాల. ఆ రోజు బస్సులన్నీ భక్తులతో క్రిక్కిరిసి, పల్లెల్లో ఆగకుండానే పోతాయి. పల్లె ఆడపిల్లలు ఒక్కరూ రాలేదు.

"హాస్టల్ అడిగి, పిల్లల్ని సూపించలేకపోతే ఎట్లప్పా?" అని ఆయన నా భుజం పట్టుకున్నాడు.

"వాళ్లే ఎక్కువుండే నా క్లాసు గది తలుపు ఏసేద్దాం సార్. ఊళ్లో పిల్లల్ని హాల్లో నింపుదాం" అన్నాను.

నింపినాం. బంతిపూల దండ తెప్పించినాం. ఎంత దండంటే, ఇద్దరు మోస్తుంటే నేను వెనక కొస ఎత్తి పట్టుకోవాల్సి వచ్చింది, పెండ్లికూతురి కొంగు పట్టినట్టు.

పెద్దాయన దిగినాడు. దండను చూసి, "దించండప్పా, నా మెడ నాకు కావల్ల" అన్నాడు. తోరణాలు కట్టిన హాలు దాటి, నేరుగా వరండా మధ్యలో మూసిన తలుపు దగ్గరికి పోయినాడు.

"ఇదేంది?"

"రిపేరు" అన్నాడు ప్రిన్సిపాలు.

పెద్దాయన తలుపు తోసినాడు. ఖాళీ బెంచీలు. నల్లబల్ల మీద శనివారం సగంలో ఆగిన పాఠం. "పిల్లలు యాడ?"

ప్రిన్సిపాలు ముఖం వాడిపోయింది. ఇక నేను ముందుకొచ్చి, గొంతు సవరించుకొని చెప్పినాను: "అన్నా, వాళ్లు కూర్చోవాల్సిన బస్సు సీట్లలో ఈ పొద్దు మీ అన్నదానానికి పోయేవాళ్లు కూర్చున్నారు."

పెద్దాయన ఖాళీ బెంచీల మధ్య ఒక చుట్టు తిరిగినాడు. తరువాత, "హాలుకు తోరణాలు కడతారేందప్పా? సూపించాల్సింది ఈ గది కదా" అన్నాడు. "కట్టేకి జాగా యాడుంది, పదండి."

ఇప్పుడు హాస్టల్ మిద్దె మీద తీగలు తెగేంత బట్టలు ఆరుతున్నాయి. శ్రావణ సోమవారాల్లో నా క్లాసు నిండుగా ఉంటుంది. ఏటా ఊరికే దొరికే సెలవులు నాకు పోయినాయి.

ఇక కల్పించింది ఏదో చెప్పేస్తాను. ఆ బస్సు సీట్ల మాట నాది కాదు. ఆ గది కిటికీలోంచి నిండిన బస్సొకటి ఆగకుండా పోవడం పెద్దాయనే చూసి, తనలో తాను అనుకున్నట్టుగా అన్నాడు. నేను అప్పటికి నోరు తెరుచుకొని, దండ కొస పట్టుకొని వరండాలోనే నిలబడి ఉన్నాను.

దండ పొడవు మాత్రం నిజం.