కళ్ళకు చీకటి అలవాటయ్యేదాకా

నాకు విమానం నడపడం నేర్పిన మాస్టారు పోయారని రాయపూర్ నుంచి ఆంటీ ఫోన్ చేశారు. ఆంటీ అంటే మాస్టారి భార్య, నర్సుగా చేసి రిటైరయ్యారు. "నిద్దట్లోనే వెళ్ళిపోయారమ్మా. పొద్దున కాఫీ పట్టుకెళ్తే లేవలేదు," అన్నారు. ఫోన్ పెట్టేశాక గదిలో లైటు తీసేసి చాలాసేపు కూర్చున్నాను. అది ఆయన నేర్పిన అలవాటే.

రాత్రి పాఠం ఉన్న రోజు మాస్టారు మమ్మల్ని మానా ఎయిర్‌పోర్టులో ఫ్లయింగ్ క్లబ్బు షెడ్డు వెనక బెంచీ మీద అరగంట చీకట్లో కూర్చోబెట్టేవారు. కళ్ళకు చీకటి అలవాటయ్యేదాకా విమానం ముట్టుకోకూడదు. ఎవరైనా అగ్గిపుల్ల గీశారో, అరగంటా మళ్ళీ మొదటి నుంచి. కళ్ళు చెదరకుండా టార్చికి ఎర్ర కాగితం చుట్టాలి, జేబులో ఇంకో టార్చి ఉండాలి. ఒక్క దీపాన్నే గుచ్చిగుచ్చి చూస్తే అది కదులుతున్నట్టు భ్రమ కలుగుతుంది కనుక చూపు తిప్పుతూ ఉండాలి. ఈ రూల్స్ మధ్యలోనే ఆయన చిన్నప్పటి ఏలూరు కాలవ కబుర్లు కూడా వచ్చేవి. ఆ గొంతు వింటూ నేను సగం నిద్రలో, సగం ఆకాశంలో ఉండేదాన్ని.

ఒకసారి నేను నడుపుతుంటే ఆయన పక్కన కూర్చున్నారు. తిరిగి వస్తూ, సిల్తారా వైపు ఏదో ఫ్యాక్టరీ గోడ వెంట వరసగా వెలుగుతున్న దీపాలను రన్‌వే అనుకుని దర్జాగా కిందికి దించడం మొదలుపెట్టాను. మాస్టారు అరవలేదు.

"ఆ లైట్లు నీకు నచ్చినయ్, ఠీక్ హై. మరి కంపాస్‌ని అడిగావా?"

అడగలేదు. సిగ్గుపడి పైకి లేపాను. కింద ఆ ఫ్యాక్టరీ కొలిమి ఒక్కసారి ఎర్రగా మండి, మళ్ళీ మసకబారింది.

"రాత్రిపూట మనసు ఏం కోరితే కళ్ళు అదే చూపిస్తాయ్. మీటర్లని నమ్ముకో తల్లీ," అన్నారు. ఆ కచ్చితత్వాన్ని తన విషయంలోనూ పాటిస్తారని అప్పుడు నాకు తెలియదు.

మరో సాయంత్రం బెంచీ మీద కూర్చున్నాం. బాగా చీకటి పడింది. "రన్‌వే దీపాలు ఇంకా పెట్టలేదేంటి?" అన్నారు. కిరోసిన్ దీపాలు ఆ చివరిదాకా వెలుగుతూనే ఉన్నాయి.

"పెట్టారు మాస్టారూ."

రాత్రి ఎగరడమంటే ఆయనకు ప్రాణం. అది చేజారిపోతోందని ఇద్దరికీ అర్థమైంది.

"నేనే నడుపుతాను. మీరు ఊరికే పక్కన కూర్చోండి. ఎవరికీ తెలీదు," అన్నాను.

"పక్కన ఒకడు ఎందుకమ్మా? నువ్వు చూడనిది చూట్టానికి. కనపడకపోతే నేనూ బియ్యం బస్తా ఒకటే. బస్, ఇవాల్టితో సరి."

మర్నాడు తనే పైలట్లను పరీక్షించే డాక్టరు దగ్గరికి వెళ్ళి, రాత్రి చూపు తగ్గిందని చెప్పుకున్నారు. నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇన్నేళ్ళుగా నేను క్షేమంగా నేలకు దిగుతున్నానంటే ఆ మొండితనం పుణ్యమే.

తర్వాత వేరే ఆయన నాకు నేర్పారు. మాస్టారు మాత్రం పాఠం ఉన్న ప్రతి రాత్రీ వచ్చి ఆ బెంచీ మీద కూర్చునేవారు. పాఠం అయ్యాక నా స్కూటర్ మీద దేవేంద్ర నగర్‌లో ఇంటి దగ్గర దింపేదాన్ని. "ఏం కనపడింది చెప్పు," అనేవారు వెనక నుంచి. స్టేషన్లో ఆగిన రైళ్ళ కిటికీలు, చెరువులోంచి చెరువులోకి మా వెంటే పరుగెత్తిన చంద్రుడు, వరి పొలాల నడుమ ఒంటరి లాంతరు. అన్నీ చెప్పేదాన్ని. "ఔర్?" అని ఇంకా అడిగేవారు. ఇల్లు వచ్చినా నా మాటలు అయ్యేవి కావు.

అలా ఒక రాత్రి ఆయన గేటు ముందు స్కూటర్ దిగుతుండగా పైన విమానం వెళ్ళింది.

"అదిగో, చూశావా!" అంటూ చెయ్యెత్తి చూపించారు. చప్పుడు వచ్చిన వైపు. చప్పుడు విమానం కన్నా వెనకే వస్తుంది కదా, దాని దీపం అప్పటికే చాలా ముందుకు వెళ్ళిపోయింది. ఆయన వేలి కొసన ఖాళీ ఆకాశం. ఆ చప్పుడు పూర్తిగా అణిగేదాకా మాస్టారు చెయ్యి దించలేదు. నేనూ విమానాన్ని వదిలేసి, ఆ వేలు చూపిన వైపే చూస్తూ నిలబడ్డాను.