అక్క ఇంటి నులక మంచం

నిన్న సాయంత్రం మా ఈ బెంగాలీ ఊళ్ళోని ఇంజినీరింగు కాలేజీలో పరిశోధన చేస్తున్న తెలుగు పిల్ల ఒకతి మా గుమ్మంలో నిలబడి, "ఆంటీ, మీ అక్కగారింట్లో మంచం నులక జానెడు కావాలి. మిమ్మల్నే అడగమన్నారు," అంది. అక్కంటే నా తోడికోడలు. అప్పట్లో ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో పక్కపక్క క్వార్టర్లు, ఇప్పుడు ఖరిదా పేటలో ఎదురెదురు ఇళ్ళు. దూరం జరిగే అదృష్టం నాకు లేదు. టీ ఇచ్చి కూర్చోబెడితే ఆ పిల్ల తన చదువంతా చెప్పింది. హెంప్ అని గంజాయి జాతి మొక్కట, మత్తు మాత్రం ఉండదట. దాని నారతో బట్టలూ కాగితమూ చేస్తారట, లోపలి బెండుని సున్నంతో కలిపి గోడలు కూడా కడతారట. పారేస్తే ప్లాస్టిక్‌లా పీడించకుండా మట్టిలో కలిసిపోతుందట. మన జనుము వేరే జాతే అయినా, దాని నార ఎంతకాలం మన్నుతుందో పోల్చి చూడాలట. చూడమ్మా, వద్దన్నానా? కానీ ఆ నులక నా పెరటిదని అక్కే చెప్పి పంపిందంటే ఒళ్ళు మండింది. మంచితనంలో కూడా నాకంటే ముందే ఉండాలా ఆ మనిషి?

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మా అత్త పెద్దకోడలి దగ్గరే ఉండేది. వానలు పడగానే అక్క పెరట్లో జనుము జల్లి, పూత మొదలవగానే కోసి ఎరువుకని మట్టిలో తొక్కించేది. ఆ తరవాత కాసే వంకాయలు చూస్తే నాకు కళ్ళు కుట్టేవి. నాది బొగ్గు నుసి నేల, మిరప మొక్క కూడా బతికేది కాదు. అయినా నా ఏడుపు వంకాయల కోసం కాదు. అత్త కొన్నాళ్ళైనా నా ఇంట్లో ఉండదేమని. గోల్‌బజార్ నుంచి విత్తనాలు తెప్పించి నేనూ జల్లాను. మనిషెత్తు లేచి, పచ్చగా విరగబూసింది. పక్కింటి బెంగాలీ దీదీ గోడ మీంచి చూసి "కీ షుందొర్", ఎంత అందమో అంటే, అక్క వినేటట్టు ఇంకోసారి అనిపించుకున్నాను. అలాంటి పూలని కోసి మట్టిలో తొక్కుతానా? కాయలు పట్టేదాకా ఉంచాను.

అత్త వచ్చి ఒక కాడ విరిచి చూసింది. "ముదిరిపోనాది. ఇంక నేలకి పనికిరాదు. నారకైతే పనికొస్తాది," అని, బట్టల సంచితో మా ఇంటికి వచ్చేసింది. సిమెంటు తొట్టిలో కట్టలు ఊరేస్తే ఆ కంపుకి మా వరసంతా ముక్కులు మూసుకున్నారు, నాకు మాత్రం సంపెంగ వాసనే. నార ఒలిచి, ఉతికి, ఆరేసి, అరుగు మీద కాళ్ళు చాపుకుని పేనేది. నేను పక్కన కూర్చుని పాయలు అందించేదాన్ని. అక్క ఏదో వంకతో వచ్చి తొంగి చూసి పోతుంటే నాకు కడుపు నిండేది. నులక చుట్ట పూర్తయ్యాక అత్త దాన్ని చంకన పెట్టుకుని అక్కింటికి బయల్దేరింది. "నా మంచం అక్కడే ఉన్నాది గదే," అంది, అంతే. ప్రాణం పోయేదాకా ఆ నులక అల్లిన మంచం మీదే పడుకుంది.

ఆ మంచం మీద నేనెప్పుడూ కూర్చోలేదు, పంతం. నిన్న ఆ పిల్లని తీసుకెళ్ళి, కొసన వేలాడుతున్న ముక్క కోయించి, మొదటిసారి కూర్చున్నాను. నడుమ అత్త పడుకున్న మేర పల్లంగా దిగిపోయి ఉంది. ఎవరైనా కాళ్ళవైపు తాడు లాగి బిగించుకుంటారు. బిగించలేదేం అక్కా అని అడిగాను.

"మనసొప్పనేదు సెల్లీ," అంది.

ఇన్నేళ్ళు ఎదురింట్లోనే ఉండి, అత్త పల్లం అక్కడ అలాగే ఉందని నాకు తెలియనే లేదు. అత్త పోయాక ఆ పల్లం పక్కన గడిపిన ఇన్నేళ్ళూ కూడా అక్కకే దక్కాయి.