సంవత్సరం అరిగిపోయిన బిళ్ల

మా చిన్నప్పుడు... రఘునాథపల్లిలో మా కొత్త ఇంటికి దర్వాజ నిలబెట్టే రోజు. పసుపు పూసిన దర్వాజను, దాన్ని చెక్కిన వడ్లాయన ఒక పక్క, మేస్త్రి ఒక పక్క పట్టుకుని నిలబడ్డారు. కింద గుంతలో నవధాన్యాలు పోశారు. ఇక మిగిలింది బిళ్ల ఒక్కటే. గడప కింద రూపాయో అర్ధరూపాయో బిళ్ల వేయనిదే మా వైపు దర్వాజ నిలబెట్టరు. వేయాల్సింది ఇంటికి పెద్ద... మా బాపమ్మ, అంటే మా బాపు తల్లి.

బాపు బడిపంతులు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్లయిందని అప్పుడే కొత్త అర్ధరూపాయి బిళ్ల విడుదల చేశారు. జనగామకు పోయి, బ్యాంకులో తెలిసినాయనను బతిమాలి ఒకటి తెచ్చాడు. కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుని తిరిగాడు... మమ్మల్ని ముట్టనివ్వలేదు.

ఆ పొద్దున కాగితం విప్పి దాన్ని బాపమ్మ అరచేతిలో పెట్టాడు. ఆమె ఎండకు తిప్పి చూసింది. దాని మీద వరుసగా నడిచిపోతున్న మనుషుల బొమ్మ ఉంది. చదువు రాదు కాబట్టి నన్ను పిలిచింది.

"గీళ్లెవలే? ఏడికి వోతున్రు?"

"ఉప్పు కోసం నడుస్తున్రు బాపమ్మా. మా పుస్తకంల ఉన్నది."

"ఉప్పుకు గింతమందా?"

వాకిలంతా నవ్వింది. బాపు కూడా నవ్వాడు.

"మరి రాసిందేంది?"

"స్వాతంత్ర్యానికి యాభై ఏండ్లు అని."

బాపమ్మ వేళ్లు బిళ్ల మీద మూసుకున్నాయి. "మనకు యాభై ఎట్లయితయ్? గప్పటికి మనకు రాలే గద."

దేశమంతా జెండా ఎగరేసిన నాడు మా వైపు ఇంకా నిజాం రాజ్యమే. మాకు ఆ రోజు రావడానికి ఇంకో ఏడాది పైన పట్టింది. ఆ మధ్య కాలంలోనే బాపమ్మ అన్న మల్లయ్య, బయ్యారం దిక్కునున్న వాళ్ల పుట్టింటి నుంచి ఒక పొద్దున బయటికి పోయి మళ్లీ రాలేదు. ఏమయ్యాడో తెలియలేదు... శవం కూడా దొరకలేదు. బాపుకు ఆయన మేనమామ. ఎన్నడూ చూడని మేనమామ.

"అవ్వా, ముహూర్తం దాటుతది. ఏడాది అటో ఇటో... దేశమంతటికి ఒకటే లెక్క" అన్నాడు బాపు.

"దేశం లెక్క దేశానిది. ఇది నా గడప."

"గింతమంది ముందట నా ఇజ్జత్ తీస్తవా?"

"నీ ఇజ్జత్ ఏడికి వోదు. పంతులువు గద, నువ్వే చెప్పు బిడ్డా. దీని మీద రాసింది నిజమైతే గప్పటికే వచ్చినట్టు. వచ్చినంక మా అన్న దేనికి పోయినట్టు?"

ప్రతి ఆగస్టుకూ బళ్లో గొంతెత్తి మాట్లాడే మనిషి... ఆ రోజు దర్వాజ మీద ఆరిన పసుపును గోటితో గీకసాగాడు.

ముహూర్తం పెట్టిన అయ్యగారే కలగజేసుకున్నారు. "పెద్దమ్మా, పోనీ ఇంకో బిళ్ల వెయ్యరాదు?"

"ఏస్త. ఏ ఏడాదీ రాసి లేనిది తెండ్రి."

అట్లాంటి బిళ్ల ఎక్కడుంటుంది... ప్రతి బిళ్ల మీదా ఏదో ఒక సంవత్సరం ఉండనే ఉంటుంది. అయినా అందరూ వెతకడం మొదలుపెట్టారు. చొక్కా జేబులు, కొంగు ముళ్లు, ఆకు వక్క సంచులు... పక్కింటి మరియమ్మత్త తన పోపుల డబ్బాయే తెచ్చి బోర్లించింది. నేను ఒక్కొక్కటీ చదివి పక్కన పెడుతున్నాను.

"నీ కోసానికి సదువురాని బిళ్లను యాడికెళ్లి తేవాల్నే పెద్దమ్మా" అంది మరియమ్మత్త. బాపమ్మకూ నవ్వొచ్చింది, కానీ మూసిన చెయ్యి మాత్రం తెరవలేదు.

చివరికి వడ్లాయన పనిముట్ల సంచిలో దొరికింది. చెక్కల మధ్య సందుకు అడ్డం పెట్టుకునే పాత రూపాయి. ఉలుల మధ్య రాసుకుని రాసుకుని నున్నగా అయిపోయింది. సింహాలు లేవు, అక్షరాలు లేవు... వేలితో తడిమి చూశాను, గీత కూడా తగల్లేదు.

"ఏమున్నదే?"

"ఏం కనవడ్తలేదు బాపమ్మా."

"గదే కావాలె."

కళ్లకద్దుకుని గుంతలో వేసింది. వేస్తూ, పక్కనున్న నాకు మాత్రమే వినపడేటట్టు, "ఇగ మా అన్నొచ్చినా నిమ్మలంగ లోపలికొస్తడు" అంది.

బాపు తన బిళ్లను మళ్లీ కాగితంలో చుట్టుకున్నాడు. వెళ్లి దర్వాజకు భుజం పట్టాడు. మరుసటి జెండా పండుగకు బళ్లో మాట్లాడుతూ మధ్యలో ఆగి, "మన దిక్కు మాత్రం ఇంకో ఏడాది పట్టింది పిల్లలూ... ఆ ఏడాదిల మా మేనమామ పోయిండు" అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం నాకు అదే మొదటిసారి.

ఈ మధ్య మా స్నేహితుల గ్రూపులో ఒక చర్చ. దేశానికి రాబోయే పెద్ద వార్షికోత్సవానికి ప్రత్యేక నాణేలు తేవాలని ప్రతిపాదన ఉందట... వాటి మీద ఏ బొమ్మ ఉంటే బాగుంటుందని. నేనూ ఏదో రాయబోయి చెరిపేశాను. ఇంత పెద్ద దేశానికి ఇంటికొక లెక్కతో బిళ్లలు ముద్రించడం కుదరదు కదా అనిపిస్తుంది. మరి ఆ లెక్కలో పట్టని మనిషిని ఎక్కడ పెట్టుకోవాలి అని కూడా అనిపిస్తుంది. బాపమ్మది న్యాయమో, ఒట్టి దుఃఖమో... నలభై దాటుతున్నా తేల్చుకోలేకపోతున్నాను.

ఇప్పుడు అసలు బిళ్లలు చేతికి రావడమే తక్కువ. ఫోన్ చూపిస్తే పని అయిపోతుంది. వచ్చినా తిప్పి చూసేదెవరు... చూసి, "ఇది మా లెక్క కాదు" అని అయినవాళ్లతోనే కొట్లాడేదెవరు.

ఏ పండుగ లెక్కలోకీ రాకుండా పోయిన మనిషి మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు. కథంతా తెలియకపోయినా ఫర్వాలేదు... కింద ఆ పేరొక్కటి రాయండి.