ఎడమచేత్తో జమ్మి

పక్షవాతం వచ్చాక, ఎలా ఉన్నావని నన్నే అడిగేవాళ్లు లేకుండా పోయారు. చూడటానికి వచ్చినవాళ్లు నా మంచం పక్కనే కూర్చుని, "తింటుండా చెల్లె? నిద్ర పడుతుందా?" అని నా భార్యను అడిగేవారు. ఆమె జవాబు చెప్పేది. నేను గోడమీది బల్లిలా వింటూ ఉండేవాణ్ణి. మాట కాస్త ముద్దగా వస్తుందే గాని, నాకు మాట పోలేదు.

శేరిగూడలో కాలేజీ బస్సు నడిపినవాణ్ణి. ఎక్కుతూ దిగుతూ పిల్లలు నాతో ఏదో ఒకటి వాగుతూనే ఉండేవారు. ఇప్పుడు స్నానానికి లేవాలన్నా, మళ్లీ పడిపోతానేమోనని గుండె దడ. పొద్దస్తమానం గదిలోనే పడి ఉండేవాణ్ణి. ఎందుకు బతికానా అనిపించేది.

ఫిజియోథెరపీ చేసే దవాఖానలోనే కౌన్సెలింగ్‌కు పొమ్మన్నారు. నాకేమైనా పిచ్చా అని ఇంట్లో పెద్ద గొడవే చేశాను. తీరా వెళ్తే, అక్కడి అమ్మాయి "ఎట్లుంటుంది అంకుల్?" అనగానే అలవాటుగా నా భార్యే అందుకుంది.

"ఆంటీ, మీరు జర బయట కూసోండ్రి" అంది ఆ అమ్మాయి.

తలుపు పడగానే ఏడుపొచ్చింది. ఆ అమ్మాయి తొందరపెట్టలేదు. వెళ్లిన ప్రతిసారీ, ఏ ఆలోచన వస్తే భయం మొదలవుతుందో నాతోనే చెప్పించేది. వారానికి ఒక్క పనైనా గడప దాటి చేయమనేది. దసరా దగ్గరపడ్డాక, "ఒక్కరికన్న చేతుల జమ్మి ఆకు పెట్టి రండ్రి" అంది.

కుడిచెయ్యి లేవదు. పండుగనాడు ఎడమచేత్తో ఇస్తే ఎవరు తీసుకుంటారు? అయినా కర్ర పట్టుకుని వీధి చివరి దోస్తు ఇంటికి బయలుదేరాను. వెనకే నా భార్య. వాడి గుమ్మం ముందు కర్రను గోడకు ఆనించి, జేబులోంచి ఆకులు తీసి ఎడమచేత్తోనే చాచాను. వాడు రెండు చేతులా అందుకుని, నన్ను గట్టిగా హత్తుకుని అలాయి బలాయి తీసుకున్నాడు. అంత భయపడ్డది ఉత్తదే అయింది. అంతలో నా భుజం మీదుగా నా భార్యను అడిగాడు.

"ఇప్పుడెట్లున్నడు చెల్లె?"

"నన్నడుగురా" అన్నాను.

జవాబు చెప్పబోయిన నా భార్య ఆగిపోయింది. వాడు నా ముఖంలోకి చూశాడు.

"ఎట్లున్నవ్‌రా?"

"ఇంట్ల అందరున్నా ఒక్కణ్ణే ఉన్నట్టున్నదిరా."

వాడు లోపలికెళ్లి రెండు కుర్చీలు తెచ్చి, ఒకటి నాకు వేసి, రెండోది నా పక్కనే వేసుకుని కూర్చున్నాడు.